ఫిబ్రవరిలో పెట్టిన నాటు పందిరి చిక్కుడు ఆగస్టు వచ్చినా పూయలేదు: పీకేయాలా?

మీ ప్రశ్న చదివాను. వైజాగ్ ఎంవీపీ కాలనీలో మేడ మీద, పద్మనాభం దగ్గర మీ అమ్మమ్మగారి ఊరి నుంచి తెచ్చిన నాటు పందిరి చిక్కుడు గింజలు ఫిబ్రవరిలో పెట్టారు. ఇప్పుడు ఆగస్టు. తీగ వాటర్ ట్యాంకు ఎక్కి, పక్కింటి పిట్టగోడ మీదికి కూడా పాకింది. ఒక్క పువ్వూ లేదు. ఒకరు "మగ పాదు, పీకేయండి" అన్నారు, ఇంకొకరు డీఏపీ ఎరువు వేయమన్నారు. అరకు సంతలో కొన్న రాజ్మా ఏమో ఏప్రిల్‌లో పూత రాల్చేసి ఎండిపోయింది. వైజాగ్‌లో బతికే నాటు తీగ చిక్కుళ్ళు ఇంకేమున్నాయి, వాటి విత్తనం ఎలా దాచుకోవాలి అన్నది మీ మిగతా ప్రశ్న.

పీకకండి. తీగకి జబ్బేమీ లేదు. కార్తీకంలో పూస్తుంది, సంక్రాంతికి కోసుకుంటారు. డీఏపీ వద్దు. మీరు పెట్టిన విత్తనం మంచిదే, పెట్టిన నెల దానిది కాదు.

నాటు పందిరి చిక్కుడు వయసు చూసి పూయదు, పగటి నిడివి చూసి పూస్తుంది. మన విశాఖలో జూన్ నెలాఖరున పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబర్ నెలాఖరుకి 11 గంటల దగ్గరికి దిగుతుంది. పాతకాలపు చిక్కుడు రకాలు చాలావరకు పగలు పదకొండున్నర గంటలకి అటూ ఇటూ వస్తే తప్ప పూమొగ్గ వేయవు. మన దగ్గర అంత తక్కువ పగలు వచ్చేది అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో. అందాకా ఎంత బలం ఇచ్చినా ఆ బలమంతా ఆకుకీ తీగకీ పోతుంది. ఫిబ్రవరిలో పెట్టిన గింజ మొలకెత్తి, ఓ మోస్తరు తీగ అయ్యేసరికి పగళ్ళు పదకొండున్నర గంటలు దాటిపోయాయి. ఇక అది ఎనిమిది నెలలు ఆగాల్సిందే. అదే గింజని మీ అమ్మమ్మగారు ఆషాఢంలో పెట్టి ఉంటారు. నాలుగు నెలలకి పూత, ఐదో నెలకి కాయ. ఆమెకి ఆ చిక్కుడు ఎప్పుడూ ఆలస్యం అనిపించి ఉండదు.

మొక్కలకి ఇలా పగలూ రాత్రీ లెక్క ఉంటుందని అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1920లో ప్రచురించారు. వాళ్ళు చూసింది పొగాకులో, సోయా చిక్కుడులో. మన ఇళ్ళలో ఈ సంగతికి సాక్ష్యం ఎప్పట్నుంచో ఉంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, పాలు పొంగించిన పరమాన్నం చిక్కుడు ఆకుల్లో పెడతాం. మాఘమాసంలో ప్రతి పెరట్లో కాయ విరగకాసి ఉంటుంది కాబట్టే అది ఆనవాయితీ అయిందని నా నమ్మకం. వైశాఖంలో పండగైతే చిక్కుడుకాయ రథం ఎవరు కట్టేవారు?

మగ పాదు మాట వదిలేయండి. బీర, సొర, కాకర తీగల్లో మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. మొదట్లో మగ పూలే ఎక్కువ వస్తాయి కాబట్టి అక్కడ ఆ మాటకి కొంత అర్థం ఉంది. చిక్కుడు జాతిలో ప్రతి పువ్వులోనూ రెండూ ఉంటాయి. మగ చిక్కుడు పాదు అంటూ లోకంలో లేదు.

మరి బజార్లో ఏడాది పొడవునా చిక్కుడుకాయ ఎలా దొరుకుతోంది అని మీకు సందేహం రావచ్చు. అవి ఎక్కువగా పగటి నిడివితో పని లేని రకాలు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. పొదలా పెరుగుతాయి, పందిరి అక్కర్లేదు, ఏ నెలలో పెట్టినా కాస్తాయి. మేడ మీద కుండీలకి అవి చాలా సుఖం, నేనేమీ కాదనను. కానీ చలికాలం మంచులో తడిసిన నాటు కాయని తుంచితే వేళ్ళకి అంటే ఆ జిడ్డు, ఆ వాసన వాటిలో ఉండవు. కన్నడిగులు తమ చిక్కుడులో, అంటే అవరెకాయలో, ఈ వాసననే సొగడు అంటారు, బేరం చేసేముందు కాయని ముక్కు దగ్గర పెట్టుకుని మరీ కొంటారు. వంకాయతో కలిపి కూర చేసిన రోజు తేడా మీకే తెలుస్తుంది.

మేడ మీద పెంచేవాళ్ళు తప్పక చూసుకోవాల్సింది వీధి దీపం. ఈ సంగతి పల్లెటూళ్ళో ఎవరూ చెప్పరు, వాళ్ళకి అవసరం లేదు. సీతమ్మధారలో మా పందిరి ఒక చివర వీధి వైపు ఉంది. హుద్‌హుద్ తుఫాను తర్వాత నగరమంతా వీధి దీపాలు ఎల్‌ఈడీకి మారాయి కదా, ఆ తెల్లటి వెలుగు సరిగ్గా ఆ మూల మీద పడుతుంది. నవంబర్‌లో ట్యాంకు నీడ వైపు కొమ్మలన్నీ నిటారుగా పూగుత్తులు లేపితే, దీపం వైపు కొమ్మలు ఆకులు తప్ప ఏమీ వేయలేదు. ఒకటే వేరు, ఒకటే మట్టి, ఒకటే నీళ్ళు. తీగ నిజానికి కొలిచేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని. రాత్రంతా మీద వెలుతురు పడితే దానికి ఇంకా వేసవే. దీపం వైపు ఒక పాత గోనెపట్టా అడ్డం కట్టాక ఆ కొమ్మలు కూడా పూశాయి, మిగతావాటికన్నా వెనకగా. మీ మేడ మీద రాత్రి నిలబడి చూడండి. దీపం వెలుగులో పేపర్ చదవగలిగేంత కాంతి తీగ మీద పడుతుంటే అటువైపు అడ్డం కట్టండి. మేడ మీద బల్బు రాత్రంతా వేసి ఉంచే అలవాటుంటే మానేయండి.

ఇప్పుడు ఈ నెలలో ఏం చేయాలో చెప్తాను. ఆరు నెలల తీగ కాబట్టి మొదలు దగ్గర కొయ్యబారి ఉంటుంది. దాన్ని నడుము ఎత్తుకి కత్తిరించండి. అయితే మోడులా నరికేయకుండా కింద కొంత పచ్చి ఆకు ఉండేలా మూడు నాలుగు కొమ్మలు వదలండి. వాన తేమ మీద వారం పది రోజుల్లో కొత్త చిగుళ్ళు వస్తాయి, రేపు పూసేది ఆ కొత్త కొమ్మల మీదే. ఆగస్టు దాటాక కత్తెర పెట్టకండి, మొగ్గ కట్టాల్సిన కొసలే పోతాయి. మొదలు చుట్టూ తవ్వి రెండు దోసిళ్ళ మాగిన పశువుల ఎరువు, గుప్పెడు కట్టెల బూడిద వేయండి. యూరియా, డీఏపీ లాంటి నత్రజని ఎరువులు అనవసరం. చిక్కుడు వేళ్ళ బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాల్లోంచి నత్రజని తెచ్చి ఇస్తుంది, పైన మీరు ఇంకా వేస్తే ఆకే ఆకు. డ్రమ్ము ఎంత పెద్దదో మీరు రాయలేదు. పందిరి చిక్కుడుకి బియ్యం బస్తా అంత మట్టి పట్టే డ్రమ్ము ఉండాలి, అందులో ఒక పాదు, మహా అయితే రెండు. పన్నెండు అంగుళాల కుండీలో ఇది తృప్తిగా కాయదు.

ఇంత పాత తీగ మీద నమ్మకం కుదరకపోతే, ఒక పక్కన నాలుగు కొత్త గింజలు కూడా ఇప్పుడే పెట్టేయండి. ఆలస్యమే గానీ మించిపోలేదు. పాదు చిన్నగా ఉండగానే పూతకి వస్తుంది కాబట్టి కాపు తక్కువ వస్తుంది, కాయ మాత్రం తప్పకుండా వస్తుంది. వచ్చే ఏడాది నుంచి జూన్ చివర, తొలకరి పడ్డాక పెట్టండి.

పందిరి గురించి. బీర, కాకర తీగలు నులితీగలతో పట్టుకుంటాయి, వల కట్టినా పాకుతాయి. చిక్కుడుకి నులితీగలుండవు, కొసే మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. కాబట్టి దానికి నిలువుగా, సన్నగా, గరుకుగా ఉన్న ఆధారం కావాలి. కొబ్బరి తాడు, సర్వి కర్ర, వెదురు బాగుంటాయి. నున్నటి పీవీసీ పైపు మీద జారిపోతుంది. మీరు అడగకపోయినా తుఫాను సంగతి కూడా చెప్పాలి. మన చిక్కుడు పూతకి వచ్చే అక్టోబర్, నవంబర్ నెలలే బంగాళాఖాతం తుఫానుల నెలలు. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న మన మీదే తీరం దాటింది. ఏడో అంతస్తు మీద ఎత్తైన పందిరి వేస్తే అది తెరచాపే. మనిషి ఎత్తు దాటనివ్వకండి, నాలుగు కాళ్ళూ పిట్టగోడకి కాక మట్టి నిండిన డ్రమ్ములకి కట్టండి. హెచ్చరిక రాగానే తాళ్ళు విప్పి తీగని నేలమీదికి దించి పడుకోబెట్టేలా ఉంటే ఇంకా మంచిది. సముద్రం వైపు మేడల మీద ఉప్పు గాలి కొట్టిన మర్నాడు ఆకుల్ని మంచినీళ్ళతో కడగండి, లేకపోతే అంచులు మాడిపోతాయి.

ఇక రకాలు. చిక్కుడులోనే పచ్చ కాయ, తెల్ల కాయ, ఊదా అంచున్న పచ్చ కాయ, మొత్తం ఊదారంగు కాయ, వెడల్పుది, సన్నగా కొడవలిలా వంగినది అని ఊరికో రకం కనిపిస్తుంది. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పెరళ్ళలో ఊదా అంచు రకం బాగా చూశాను. రైతుబజార్లో చలికాలం పొద్దున్నే వెళ్తే గంపలో కొంచెం కాయ పెట్టుకుని కూర్చునే పల్లె ఆడవాళ్ళ దగ్గర ఇలాంటివి ఉంటాయి. ముదురు కాయ నాలుగు ఉంటే ఇమ్మనండి, విత్తనం అక్కడే దొరికినట్టు. గింజ చూసి కూడా చిక్కుడుని గుర్తుపట్టొచ్చు. నల్లదైనా గోధుమరంగుదైనా ఒక పక్క అంచున పొడుగ్గా, ఉబ్బెత్తుగా తెల్లటి గీత ఉంటుంది. బొబ్బర గింజకి అది ఉండదు, మధ్యలో చిన్న కన్ను ఉంటుంది.

వేసవిలో తీగ కాయ కావాలంటే చిక్కుడు కాదు, పొడుగు బొబ్బర్లు పెట్టండి. కొన్నిచోట్ల అలసందలంటారు. ఎండకి జడవవు, రెండు నెలల్లోపే కోతకి వస్తాయి, చాలా రకాలకి పగటి నిడివితో పేచీ లేదు. పూలు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి, కంగారు పడకండి. కాయ కోసేటప్పుడు కాడని వదిలి కాయ ఒక్కటే తుంచండి, అదే కాడ కొసన మళ్ళీ జంట కాయలు వస్తాయి. చిక్కుడు గుత్తికి కూడా ఇదే పద్ధతి. బొబ్బర కాడ మీద చీమలు తిరుగుతుంటే మందు కొట్టేస్తారు కొందరు. ఆ కాడ మీదే తేనె ఊరే చోటు ఉంటుంది, చీమలు దానికోసం వస్తాయి. పేనుబంక లేనంతకాలం వాటితో నష్టం లేదు.

తమ్మకాయ తెలుసా? చెయ్యంత పొడుగు, కత్తిలా వెడల్పు. మట్టి ఎలాంటిదైనా, నీళ్ళు మరిచిపోయినా బతుకుతుంది, ఒకసారి పెడితే ఏళ్ళ తరబడి ఉంటుంది. కాయ లేతగా, గింజ ఉబ్బకముందే కోయాలి. ముదిరిన గింజ విషపదార్థాలతో ఉంటుంది, దాని జోలికి పోకండి. ఇంటికి ఒక్క పాదు చాలు, రెండు పెడితే పంచిపెట్టడానికి జనం కావాలి.

రెక్కల చిక్కుడు, కొందరు నాలుగు పలకల చిక్కుడు అంటారు, అదీ చిక్కుడులాగే చిన్న పగళ్ళ మొక్క. జూన్, జూలైలో పెడితే దసరా దాటాక లేత నీలం పూలు పూస్తుంది. గింజ తోలు గట్టి, ఒక పక్క గరుకు కాగితం మీద కాస్త రుద్ది రాత్రంతా నానబెట్టి పెట్టండి. చూపుడు వేలంత ఉండగానే కోస్తే బీన్స్ కన్నా రుచి, రెండు రోజులు ఆలస్యమైతే పీచు. ఆకు, పువ్వు, వేరు దుంప కూడా తింటారు.

మీ రాజ్మా సంగతి వేరు. అరకు, పాడేరు, చింతపల్లి వైపు రాజ్మా పండటానికి కారణం కొండల మీది చల్లదనం. కింద మన దగ్గర మార్చి దాటితే పగటి వేడి, చల్లబడని రాత్రులు, ఉక్క. పుప్పొడి పనిచేయక పూత రాలిపోతుంది. మీరు చేసిన లోపమేం లేదు. సరదాకి పెంచాలంటే నవంబర్ మొదట్లో పెట్టి ఫిబ్రవరికల్లా ముగించండి, నాలుగు గుప్పెళ్ళు వస్తే సంతోషం. నేనైతే సంతలో కొనుక్కుంటాను. అన్నట్టు రాజ్మా గింజల్ని రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కనీసం పది నిమిషాలైనా తెర్లేలా మరిగించి ఆ పైన మెత్తగా ఉడికించాలి. సగం ఉడికినవి తింటే వాంతులు పట్టుకుంటాయి. ముదురు నల్ల చిక్కుడు గింజలకి కూడా మొదటిసారి ఉడికించిన నీళ్ళు వంచేయడం మన పెద్దవాళ్ళ అలవాటు, అది సరైనదే. వాటిలో సయనైడ్ పుట్టించే పదార్థం కొంత ఉంటుంది.

ఆన్‌లైన్‌లో "అడవి చిక్కుడు" అని ఏది పడితే అది కొనకండి. దూలగొండి గింజ అంటగట్టేవాళ్ళు ఉన్నారు. దాని కాయ మీది నూగు మేడ మీద గాలికి లేచిందంటే పక్కింటివాళ్ళతో కూడా మాటలుండవు.

పురుగుల గురించి రెండు ముక్కలు. చలి మొదలయ్యాక కొసల మీద, పూగుత్తి మీద నల్ల పేనుబంక పడుతుంది. నీటి పైపుతో గట్టిగా కొట్టండి, మిగిలితే లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం చల్లండి. పూలు గూడులా అతుక్కుని ఉంటే లోపల కాయతొలుచు పురుగు ఉంది, ఆ గుత్తి తుంచి కవర్లో కట్టి పారేయండి. కాండానికి వరసగా అంటుకుని, నలిపితే కంపు కొట్టే గుండ్రటి పురుగులు ఉంటాయి. వాటికి మందు వెతక్కండి, పొద్దున మందకొడిగా ఉంటాయి, సబ్బునీళ్ళ డబ్బా కింద పెట్టి కొమ్మ దులపండి. ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ కలగలిసిన మచ్చలు వస్తే అది తెల్లదోమ తెచ్చే వైరస్. ఆ పాదు ఒక్కటే నిజంగా పీకాల్సింది, దాని గింజ దాచకూడదు.

విత్తనానికి మిగిలిన కాయని కాక మంచి పాదుని ఎంచుకోండి. చాలామంది సీజన్ అంతా తిని, చివర్లో ఎండిపోయిన పిందెల్ని విత్తనానికి వదులుతారు. రెండు మూడేళ్ళకి కాయ చిన్నదైపోయింది, విత్తనం పాడైందంటారు. పూత బాగా వచ్చిన పాదు మీద, కాపు నడిమధ్యలో, రెండు మూడు గుత్తులకి రంగు దారం కట్టి ముట్టుకోకుండా ఉంచండి. చిక్కుడు చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది, అయినా నల్ల తుమ్మెదలు కొంత కలిపేస్తాయి. మీ దగ్గర ఊదా, పచ్చ రెండూ పక్కపక్కన ఉంటే, దారం కట్టిన గుత్తులకి మొగ్గ దశలోనే పల్చటి ఆర్గాంజా సంచి తొడగండి. ఫంక్షన్లలో రిటర్న్ గిఫ్టులు పెట్టి ఇచ్చే సంచులు సరిగ్గా సరిపోతాయి. పిందె పడ్డాక తీసేయొచ్చు. కాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలలాడాక కోయండి.

వైజాగ్ తేమలో గింజని దాచడమే కష్టం. పుచ్చుపురుగు డబ్బాలో కొత్తగా పుట్టదు. కాయ తీగ మీద ఉండగానే గుడ్డు పెడుతుంది, మనం దాన్ని డబ్బాలోకి మోసుకొస్తాం. గింజని వరసగా కొన్ని రోజులు పొద్దుటి ఎండలో పెట్టండి, పంటి కింద టక్కున విరగాలి, గాటు పడి ఆగిపోతే ఇంకా తడి ఉన్నట్టు. బాగా ఎండాక గాలి చొరని డబ్బాలో వేసి నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో ఉంచండి, గుడ్లు చస్తాయి. తీశాక డబ్బా చల్లదనం పూర్తిగా పోయేవరకు మూత తెరవకండి, తెరిస్తే గింజ మీద చెమ్మ పడుతుంది. ఆ తర్వాత బూడిద కలిపి పెట్టుకున్నా సరే, మామూలుగా అల్మరాలో పెట్టుకున్నా సరే. సరిగా ఎండని గింజని ఫ్రీజర్‌లో పెడితే మొలక చచ్చిపోతుంది.

విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడం చట్టప్రకారం తప్పా అని చివర్లో అడిగారు. కాదు. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం రైతుకి తన పంట విత్తనాన్ని దాచుకునే, పంచుకునే, మార్చుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. రక్షణ పొందిన రకం విత్తనాన్ని బ్రాండ్ పేరుతో అమ్మడానికి మాత్రం లేదు. మీ అమ్మమ్మగారి ఊరి చిక్కుడుకి ఆ బెడదే లేదు.

ప్రస్తుతానికి రాజ్మా పోయి ఖాళీగా ఉన్న డ్రమ్ములో ఈ వారమే పొడుగు బొబ్బర్లు పెట్టేయండి. చిక్కుడు పూతకి వచ్చేసరికి వాటి కాపు అయిపోవస్తుంది, పందిరి దానికి వదిలేయొచ్చు. నవంబర్ పదిహేను దాటినా చిక్కుడు మొగ్గ కనపడకపోతే, రాత్రి ఎనిమిదింటికి మేడ మీద వెలుతురు ఎటునుంచి పడుతోందో ఒక ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.